గోదారిని ఆదా చేసిన పంపు

తప్పు నాదే. ఆ అర్జీలో "వృథాగా" అన్న మాట రాసింది నేనే.

మా గుర్రాలలంక నుంచి అవతలి ఒడ్డున ఉన్న రేవుపాలెం వెళ్ళాలంటే నదీ రవాణా శాఖ వారి లాంచీ ఒక్కటే దారి. ఎండాకాలంలో నాటు పడవలు కూడా తిరుగుతాయి గానీ, గోదావరికి ఎర్రనీరు రాగానే వాటిని కట్టేయిస్తారు. ఇక కార్తీకం దాకా లాంచీయే గతి. పద్నాలుగేళ్ళుగా దాన్ని నడుపుతున్నది కొప్పాడి నూకరాజు. ఇంజను ఆయనకు బాగా తెలుసు, అర్జీ రాయడం తెలియదు. లంకలో బీయస్సీ దాకా చదివిన గృహిణిని నేనొక్కదాన్నే కావడం వల్ల, రేషను కార్డు మొదలుకొని పశువుల డాక్టరు వరకు ఎవరికి ఏ అర్జీ కావలసినా మా అరుగు మీదే తయారవుతుంది.

జూలై మూడో తారీకున నూకరాజు వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. లాంచీ ఇంజను వేడెక్కకుండా ఒక పంపు ఉంటుందట. అది గోదావరి నీటిని పీల్చి, ఇంజను చుట్టూ తిప్పి, పక్కనున్న గొట్టంలోంచి మళ్ళీ గోదావరిలోకే వదులుతుంది. ఆ పంపు ఇరుసు దగ్గర రబ్బరు సీలు అరిగిపోయి నీరు కారుతోంది. కారిన నీరు బెల్టు మీద పడుతోంది. మా ఇంట్లో గ్రైండరు బెల్టు తడిసినప్పుడు ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి మిగతాది త్వరగానే అర్థమైంది.

"బెల్టు జారిందంటే పంపు తిరగదండి. పంపు తిరక్కపోతే ఇంజను కాలిపోద్దండి. అది కూడా ఒడ్డున కాదు, నడిగోదాట్లో," అన్నాడు నూకరాజు. "కొత్త పంపు స్టోర్లో ఉందండి, డబ్బా కూడా ఇప్పలేదు. కాయితం రావాలంతే. బిగించడం గంట పనండి."

ఆ కాగితం మీద నాకు సొంత ఆసక్తి కూడా ఉంది. మా అత్తగారు భాస్కరమ్మగారికి పద్దెనిమిదో తారీకున రేవుపాలెం కంటి ఆసుపత్రిలో శుక్లం ఆపరేషను. ఆవిడకి ఉన్నది ఒక్క కన్నే. రెండోది చిన్నతనంలో అమ్మవారు పోసినప్పుడు పోయింది. ఉన్న కంట్లో శుక్లం బాగా ముదిరిందనీ, ఇంకా ఆలస్యమైతే చూపుకి తాను పూచీ పడలేననీ డాక్టరు చెప్పారు. ఆ తారీకు తప్పితే మళ్ళీ అక్టోబరు చివర. అప్పటికే ఆవిడ నన్ను గాజుల చప్పుడుతో, మా వారిని దగ్గుతో పోల్చుకుంటున్నారు.

అందుకని శ్రద్ధగా రాశాను. "పంపు నుంచి నీరు కారుతున్నది" అని మొదట రాసి, చదువుకుంటే చప్పగా అనిపించింది. అధికారి కదలాలంటే కాస్త బలం ఉండాలి కదా అని "నీరు వృథాగా కారిపోవుచున్నది" అని మార్చాను.

ఆ రోజుల్లో రాష్ట్రంలో "చుక్క చుక్క పొదుపు మాసోత్సవాలు" జరుగుతున్నాయి. నీరు, వృథా అన్న రెండు మాటలు ఒకే కాగితం మీద కనిపిస్తే ఆ కాగితాన్ని చూసిన గుమాస్తా వెంటనే జల పొదుపు విభాగానికి పంపాలని ఉత్తర్వు ఉందట. పంపు సంగతి చూడవలసిన యంత్రాల విభాగం వారి కంట నా అర్జీ పడనే లేదు.

మూడు రోజుల్లో మనిషి వచ్చేశాడు. సర్కారు అంత వేగంగా రావడం లంక చరిత్రలో లేదు కాబట్టి, అప్పుడే నాకు అనుమానం రావలసింది.

వచ్చినవారి పేరు చిదంబరేశ్వరరావు. సహాయ జల పొదుపు అధికారి. ముప్పై ఐదేళ్ళుంటాయి. మెడలో తాడుకి చిన్న రాగి చెంబు, చేతిలో కొలత గీతలున్న మగ్గు. మనిషి చెడ్డవాడు కాదు. మా ఇంట్లో మంచినీళ్ళిస్తే సగం తాగి, మిగతా సగం గ్లాసు మీద మూత పెట్టించి, తిరిగి వెళ్ళేటప్పుడు మరిచిపోకుండా తాగాడు.

ఆయన లాంచీ ఎక్కి పంపు కింద బకెట్టు పెట్టించాడు. అప్పటికి గోదావరి ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఎర్రగా, బరువుగా, మైలున్నర వెడల్పున పోతోంది. ఆయన మాత్రం అవతలి ఒడ్డు వచ్చేదాకా బకెట్టులోంచి చూపు తిప్పలేదు. ఒక్క దాటింపుకి అరబకెట్టు తేలింది. అది రాసుకుని, ఇంకెక్కడైనా నీరు పోతోందా అని అడిగాడు. పద్నాలుగేళ్ళలో తన ఇంజను గురించి ఎవరూ అంత ప్రేమగా అడగలేదు కాబట్టి నూకరాజు సంబరపడి, లాంచీ పక్కన గొట్టంలోంచి బుడబుడమని బయటికి పోతున్న ధారను చూపించాడు. నేను ఆ రోజు పసుపుకొమ్ములు మర పట్టించడానికి అదే లాంచీలో వెళ్తున్నాను. ఆ తరువాతి సంభాషణ నా చెవులతో విన్నదే.

"ఇది ఎప్పటి నుంచి పోతోంది?"

"ఇంజను పెట్టిన కాడ్నించీనండి."

"ఎక్కడికి?"

"గోదాట్లోకండి."

"ఎక్కడిదా నీరు?"

"గోదాట్లోదేనండి."

చిదంబరేశ్వరరావుగారు మగ్గు పక్కన పెట్టి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. "చూడండి నూకరాజుగారూ. నదిలో ఉన్నంతసేపూ అది నది నీరు. శాఖ వారి పంపులో ప్రవేశించిన క్షణం నుంచి అది శాఖ వారి నీరు. శాఖ వారి నీటిని తీసుకెళ్ళి నదిలో పారబోయమని తమకు ఎవరు ఉత్తర్వులిచ్చారు?"

నూకరాజు నిజాయితీపరుడు. కాసేపు గుర్తు చేసుకుని, ఎవరూ ఇవ్వలేదండి అన్నాడు. అది వాంగ్మూలంగా నమోదైంది.

కారుతున్న సీలు సంగతి దాంతో వెనక్కి పోయింది. అరబకెట్టు కోసం వచ్చిన ఆయనకి ఏకంగా ధార దొరికింది. మర్నాడే ఎనిమిది ప్లాస్టిక్ డ్రమ్ములు దిగాయి. ఇంజను చుట్టూ తిరిగి వచ్చే నీరు ఇకపై బొట్టు కూడా నదిలో పడరాదనీ, ఆసాంతం డ్రమ్ములకు పట్టి ఒడ్డుకు చేర్చాలనీ ఉత్తర్వు. గొట్టానికి ఇంకో గొట్టం తొడిగి నూకరాజు అలాగే చేశాడు.

లాంచీలో నలభై మంది పడతారు. దాటడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఇరవై నిమిషాల్లో ఎనిమిది డ్రమ్ములు నిండాయి. ఎనిమిది నిండు డ్రమ్ములు ఎక్కాక మనుషులు ఇరవై మందే పట్టారు. బరువు పెరిగి లాంచీ నెమ్మదించింది. నెమ్మదించింది కనుక దాటడానికి అరగంట పట్టింది. అరగంట పట్టింది కనుక పన్నెండు డ్రమ్ములు కావలసి వచ్చాయి. పన్నెండు ఎక్కాక పదిమందే పట్టారు, లాంచీ ఇంకా నెమ్మదించింది. పన్నెండో తారీకు నాటికి పదహారు డ్రమ్ముల గోదావరి నీరు, గోదావరి మీద నలభై నిమిషాలు ప్రయాణం చేసి, గోదావరి ఒడ్డున దిగడం మొదలైంది. నూకరాజు తప్ప ఇంకో మనిషి కూర్చోవడానికి జాగా లేదు.

ఆ సాయంత్రమే రేవులో బోర్డు వెలిసింది. "ప్రయాణికుల సౌకర్యార్థం, తదుపరి ఉత్తర్వుల వరకు ప్రయాణికులు లాంచీ ఎక్కరాదు."

లంకలో పాలు దాటించే దారి లేక అందరం కోవా చేసుకున్నాం. రెండో రోజు పాలకోవా, మూడో రోజు పాలకోవా. నాలుగో రోజుకి కోవా అంటే పిల్లలు ఇళ్ళలోంచి పారిపోయారు. రేవు దగ్గర పెద్దలు నలుగురు చిదంబరేశ్వరరావుగారిని పట్టుకుని, లాంచీ ఉన్నది మనుషుల కోసం కదా అని నిలదీశారు. ఆయన ఏమాత్రం కోపం తెచ్చుకోకుండా, ఈ నీటిని ఆదా చేస్తున్నది కూడా మనుషుల కోసమేననీ, తీరా మనుషులే అడ్డుపడితే ఎలాగనీ ఎదురడిగాడు.

ఆదా అయిన నీటిని ఏం చేయాలన్నది తరువాతి సమస్య. దానికి విధివిధానాలు సిద్ధంగానే ఉన్నాయి: ఇంకుడు గుంత. రేవుకి పది అడుగుల దూరంలో స్థలం చూసి తవ్వించారు. లంక అంటేనే నది మధ్య ఇసుక దిబ్బ. మోకాలి లోతు తవ్వేసరికి అడుగునుంచి నీరు ఊరి గుంత నిండిపోయింది. పని పూర్తికాక ముందే ఫలితం కనిపించిన ఇంకుడు గుంత జిల్లాలో ఇదే మొదటిదని చిదంబరేశ్వరరావుగారు ఫోటో తీసి పైకి పంపారు. నిండిన గుంతలో పదహారు డ్రమ్ములూ ఒంపితే, ఆ నీరు పొర్లి, పది అడుగులు నడిచి, గోదావరిలో కలిసింది. అది చూసి ఆయన గుంతకి, నదికి మధ్య ఇసుక బస్తాలు వేయించారు.

ఇదంతా జరుగుతుండగా సీలు ఇంకా అరిగింది. అరబకెట్టు రెండు బకెట్లైంది. బెల్టు కీచుమంటోందనీ, ఈ బరువుతో ఎక్కడో ఒకచోట ఆగిపోవడం ఖాయమనీ నూకరాజు నాతో చెప్పాడు. పద్దెనిమిదికి ఇంక నాలుగు రోజులే ఉన్నాయి.

నేను ఇంకుడు గుంత దగ్గరికి వెళ్ళి చిదంబరేశ్వరరావుగారిని కలిశాను. స్టోర్లో కొత్త పంపు ఉంది కదా, గంటలో బిగించవచ్చు కదా అన్నాను.

ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "తమరు చదువుకున్నవారు కాబట్టి చెబుతున్నానండి. పంపు మారిస్తే కారదు. కారకపోతే లెక్కలో లీకేజీ ఉండదు, గొట్టంలో ధారని లీకేజీ అనరు. జిల్లాలో మిగతా ఆఫీసుల వాళ్ళు తొందరపడి కుళాయిలన్నీ బాగుచేయించేసుకున్నారు. ఇప్పుడు పొదుపు చేద్దామంటే వాళ్ళ దగ్గర చుక్క కారడం లేదు. మొత్తానికి జిల్లాకి మిగిలిన లీకేజీ ఇదొక్కటే. ఇరవయ్యో తారీకున ముగింపు సభ. అంతవరకు దీన్ని కాపాడుకోవాలి."

నేను మా అత్తగారి సంగతి చెప్పాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. వాళ్ళమ్మగారికి కూడా కిందటేడు అదే ఆపరేషను అయిందట. ఆలోచించి, ఒక డ్రమ్ము దించితే ఒక మనిషికి చోటొస్తుంది గానీ, లాంచీలో ఇప్పుడు నీటికే అనుమతి ఉంది, అమ్మగారు నీరు కాదు కదా అన్నాడు. మనిషి ఒంట్లో మూడింట రెండు వంతులు నీరేనని నేను బీయస్సీలో చదివింది చెప్పాను. ఆయన కాగితం తీసి రాసుకున్నాడు. కొంతసేపటికి తల అడ్డంగా ఊపాడు.

"రెండు వంతుల వరకు ఇబ్బంది లేదండి. మూడో వంతుకి పర్మిషను రాదు."

ఇంటికొచ్చేసరికి అత్తగారు వంటింట్లో ఉన్నారు. గోడ మీద అరచెయ్యి ఆనించి, తలుపు నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి నీళ్ళ బిందె దాకా అడుగులు లెక్క పెట్టుకుంటున్నారు. ఏం చేస్తున్నారని అడిగితే, ఏమీ లేదన్నారు. తరువాత, "లాంచీ కదలకపోతే పోనీలేవే. నాలుగు గదులేగా. నేర్చేసుకుంటాను," అన్నారు.

చేతులు కడుక్కుని, తెల్లకాగితం తీసుకుని అరుగు మీద కూర్చున్నాను. ఈసారి మాటల దగ్గర చాలా జాగ్రత్తపడ్డాను. మొదటి అర్జీకి ఐదు నిమిషాలు పట్టింది. దీనికి రెండు గంటలు పట్టింది. చివరికి తేలింది ఇది:

"సదరు లాంచీ పంపు నుంచి కారుచున్న విలువైన లీకేజీ, నది మధ్యలో, ప్రజల దృష్టికి దూరముగా ఉండిపోవుచున్నందుకు చింతించుచున్నాము. జిల్లాకంతటికీ మిగిలిన ఏకైక లీకేజీ అయిన దీనికి ఏ సమయమున ఏ హాని కలుగునోనను భయము లంక వాసులకు కలదు. కావున సదరు పంపును లీకేజీతో సహా భద్రముగా ఊడదీయించి, రేవుపాలెంలో జరుగు ముగింపు సభా ప్రాంగణమునకు తరలించి, కుళాయికి తగిలించి, ప్రజల సందర్శనార్థము నిరంతరాయముగా కారునట్లు ఏర్పాటు గావింపవలెనని మనవి. పంపు లేని లోటును తాత్కాలికముగా పూడ్చుటకు స్టోరునందలి కొత్త పంపును లాంచీకి అమర్చుకొనుటకు మాకు అభ్యంతరము లేదు."

చిదంబరేశ్వరరావుగారు ఇంకుడు గుంత గట్టు మీద నిలబడే చదివారు. మళ్ళీ చదివారు. "నిరంతరాయముగా" దగ్గర ఆయన కళ్ళు చెమర్చాయి. పైవారికి ఫోను చేశారు. పైవారు ఆ మాట తమకే ముందు తట్టిందన్నారట. అప్పుడు ఈయన, పంపు ఒక్కటే పెడితే బోసిగా ఉంటుంది, పదహారు డ్రమ్ములూ కూడా తరలిస్తే నిండుగా ఉంటుందని తన వంతు సూచన చేశారు. నేను అడగడానికి భయపడింది సరిగ్గా అదే. మంచి ఆలోచన సర్ అన్నాను.

పదహారో తారీకు పొద్దున కొత్త పంపు దిగింది. లంకంతా రేవులోనే ఉంది. నూకరాజు ముందుగా అడుగున నీరు వచ్చే వాల్వు కట్టేశాడు. బెల్టు వదులు చేసి తీశాడు. రెండు గొట్టాల క్లిప్పులు విప్పి, నాలుగు బోల్టులు ఒక్కొక్కటే తిప్పి పాత పంపుని బయటికి తీసి, పసిపాపని అందించినట్టు చిదంబరేశ్వరరావుగారి చేతుల్లో పెట్టాడు. ఆయన తువ్వాలు పరిచి అందుకున్నారు. పంపు అతుక్కునే చోట, నీరు కారకుండా మధ్యలో వేసే పాత గాస్కెట్టు ముక్కలు అట్టు పెనానికి అంటుకున్నట్టు అంటుకుని ఉన్నాయి. వాటిని బ్లేడుతో గీకి, గుడ్డతో తుడిచి, కొత్త గాస్కెట్టు వేశాడు. కొత్త పంపు లోపల రబ్బరు రెక్కలన్నీ ఒకే వైపుకి వంగాయో లేదో చూసి, కాస్త సబ్బునీళ్ళు రాశాడు. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాడు. బెల్టుని బొటనవేలితో నొక్కి బిగుతు చూసుకున్నాడు. వాల్వు తెరిచి ఇంజను తిప్పాడు.

డ్రమ్ములు ముందురోజే సభకి తరలిపోవడంతో, పక్క గొట్టంలోంచి నీరు దర్జాగా గోదావరిలో పడింది. పంపు కింద పెట్టిన పొడి గుడ్డ పొడిగానే ఉంది. మొత్తం యాభై నిమిషాలు పట్టింది. ఆ పనికి పదమూడు రోజులు ఆగామన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎక్కించే డ్రమ్ములు లేవు కాబట్టి బోర్డూ తీసేశారు, అందరికీ ముందు దాటాలన్న తొందర.

"ఆయ్, ఎక్కండమ్మా. పద్దెనిమిది దాకా ఎందుకు, ఇప్పుడే పదండి. మళ్ళీ ఎవరికి ఏం తట్టుద్దో," అన్నాడు నూకరాజు అత్తగారి చెయ్యి పట్టుకుని.

ఆయన మాట విని అదే రోజు వెళ్ళిపోయి ఆసుపత్రి పక్కనే మా పినమామగారింట్లో దిగాం. పద్దెనిమిదిన ఆపరేషను. పందొమ్మిదిన కట్టు విప్పారు. డాక్టరు రెండు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగితే, అత్తగారు రెండు అని చెప్పి, ఆ గోళ్ళు కత్తిరించుకోమని కూడా చెప్పారు. నేను వరండాలోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను.

ఇరవయ్యో తారీకున తిరుగు ప్రయాణానికి ముందు, దారిలోనే కాబట్టి, సభకి వెళ్ళాం. షామియానా మధ్యలో పూలదండ వేసిన పంపు. దానికి ఊరి మంచినీళ్ళ కుళాయి నుంచి గొట్టం కలిపారు. సీలులోంచి నీరు ఏ లోపం లేకుండా కారుతోంది. పదహారు డ్రమ్ములూ నిండి పొర్లుతున్నాయి. రెండు రోజులుగా రాత్రింబవళ్ళు అలాగే వదిలారట. రేవుపాలెం వీధుల్లో కుళాయిలు రావడం లేదని పినమామగారింట్లో ఎందుకు అనుకున్నారో అప్పుడు తెలిసింది. ఒడ్డూపొడుగూ ఉన్న ఒక పెద్ద అధికారి, పొదుపు అంటే ఏమిటో ప్రజలు కళ్ళారా చూడాలంటే కారడం ఎంత అవసరమో అరగంట మాట్లాడి, చిదంబరేశ్వరరావుగారికి ప్రథమ బహుమతిగా షీల్డు ఇచ్చారు.

మధ్యాహ్నం లాంచీలో ఆ షీల్డుతో ఆయన కూడా ఎక్కారు. ఇంకుడు గుంత పక్కన నిలబడి ఫోటో తీయించుకోవాలట. లాంచీలో అటు ఇటు నలభై మంది, కావిళ్ళు, పాల క్యానులు. అత్తగారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని అంచున కూర్చుని, ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఉన్న గోదావరిని రెప్ప వేయకుండా చూస్తున్నారు. ఆవిడ నీటిని అంతసేపు చూడడం నేను ఎప్పుడూ చూడలేదు. నడిగోదావరిలోకి వచ్చాక ఆయన వైపు తిరిగారు.

"బాబూ, నాకిప్పుడే చూపొచ్చింది. మీరు ఆదా చేసిన నీళ్ళు ఇందులో ఏవో కాస్త చూపిస్తారా?"

ఎగతాళి కాదు. ఆవిడకి ఎగతాళి రాదు. చిదంబరేశ్వరరావుగారు షీల్డు చంకలో పెట్టుకుని లేచి నిలబడి, ఎగువకి చూశారు, దిగువకి చూశారు. లాంచీలో వాళ్ళంతా ఆయన చూపు వెంటే తలలు తిప్పారు. నూకరాజు కూడా ఇంజను వేగం తగ్గించాడు. ఆయన చాలాసేపు పరికించి, చివరికి చెయ్యి చాపారు.

"ఆ కుడిపక్కవండి."

అత్తగారు కళ్ళద్దాలు కాస్త పైకెత్తి అటు చూశారు.

"ఆఁ, కనపడుతున్నాయి," అన్నారు.